మేనల్లుడి డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు: బోర్డు ముందు ఒకటి, కోర్టులో ఒకటి

పదిహేడేళ్ల కుర్రాడు మందు తాగి బండి నడుపుతూ దొరికిపోతే ఏమవుతుందని ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఎవరినైనా అడిగితే రెండు జవాబుల్లో ఏదో ఒకటి వస్తుంది: చలానా కట్టేస్తే పోతుందని కొందరు, మైనరు కాబట్టి ఎవరూ ఏమీ చెయ్యలేరని ఇంకొందరు. మా మేనల్లుడి వ్యవహారంలో ఠాణా మొదలుకొని ఆర్‌టీఓ ఆఫీసు దాకా వెంట తిరిగినవాణ్ణి కనుక చెబుతున్నాను, ఈ రెండూ నిజం కావు. కుర్రాడి మీద జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు నడిచే విచారణ ఒకటి, తండ్రి మీద నడిచే క్రిమినల్ కేసు మరొకటి. మొదటిది తలుపులు మూసుకుని, మెత్తగా, త్వరగా ముగిసిపోతుంది. బరువంతా రెండోదానిలో ఉంటుంది. ఈ తేడా తెలియక మా ఇంట్లోవాళ్లు మొదట్లో భయపడవలసినదానికి కాకుండా వేరేదానికి భయపడుతూ కూర్చున్నారు.

కుర్రాడి పేరు, చదివే కాలేజీ, మా వీధి ఇక్కడ రాయడం లేదు. అది మొహమాటంతో చేసిన పని కాదు. చట్టంతో చిక్కుపడిన పిల్లల గుర్తింపు ఏ రూపంలోనూ బయటపెట్టకూడదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. మీరితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. మేనమామ అయినంత మాత్రాన నాకు మినహాయింపేమీ లేదు.

జనవరిలో మా వైపు పిక్నిక్‌ల జోరు ఎలా ఉంటుందో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. వాడు స్నేహితులతో గండాహతి జలపాతానికి వెళ్లి, చీకటి పడ్డాక తిరిగి వస్తూ, ఊరి శివార్లలో పోలీసుల తనిఖీలో దొరికాడు. బండి వెనక కూర్చున్నది వాడి స్నేహితుడి అన్న, ఇరవై రెండేళ్లవాడు. తనకు ఎక్కువైందని, వీడు తక్కువే తాగాడని తేల్చి, ఆ పెద్దమనిషి చిన్నవాడి చేతికి హ్యాండిల్ అప్పగించాడట. దారిలో ఎవరికీ దెబ్బ తగలలేదు, ఎవరినీ గుద్దలేదు. ఈ ఒక్క విషయం మీదే తరవాత జరిగినదంతా ఆధారపడిందని నాకు తెలియడానికి కొంత సమయం పట్టింది.

వాడు మొదటి ఫోను నాకే చేశాడు. "మావయ్యా, నాన్నకి చెప్పకు, నువ్వొక్కడివే రా" అన్నాడు. నేను వెళ్లేసరికి ఒకసారి పరీక్ష అయిపోయింది, కాని నన్ను చూసి అక్కడి అధికారి నా ఎదుటే మళ్లీ చేయించాడు. కొత్త ప్లాస్టిక్ గొట్టం కవరు చింపి బ్రీత్ ఎనలైజర్‌కు తగిలించి, బీప్ ఆగేదాకా ఊదమన్నారు. వాడికి ఊపిరి నిలవక రెండుసార్లు మధ్యలో ఆపేశాడు. మూడోసారి యంత్రంలోంచి బస్సు టిక్కెట్టులా సన్నటి చీటీ వచ్చింది. దాని మీద తేదీ, సమయం, యంత్రం నంబరు, అన్నిటికంటే కింద 64 అనే అంకె ఉన్నాయి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరమవుతుంది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. రెండోసారైతే రెండేళ్ల దాకా జైలు, 15,000 జరిమానా. మైనర్లకంటూ వేరే పరిమితి లేదు. అలాగని ఆ అంకె 30 లోపు వచ్చి ఉంటే వాడు ఇంటికి వచ్చేసేవాడు అనుకోవద్దు. పద్దెనిమిది నిండకుండా రోడ్డు మీద మోటారు బండి నడపడమే నేరం. పదహారు నిండినవారికి 50 సీసీ దాటని బండికి మాత్రమే సడలింపు ఉంది. మా బావ బండి వంద సీసీది.

అక్కణ్ణుంచి ఆసుపత్రికి తీసుకువెళ్లారు. తాగి నడిపిన కారణంగా అరెస్టు చేసినవారిని రెండు గంటల్లోపు వైద్యుడి చేత పరీక్ష చేయించాలని, చేయించకపోతే కస్టడీ నుంచి వదిలేయాలని 202వ సెక్షన్ చెబుతుంది. అందుకే పోలీసులకు ఆ తొందర. మా బంధువు ఒకాయన ఫోనులోనే "రక్తం ఇవ్వనని చెప్పమను" అని సలహా ఇచ్చాడు. సరైన కారణం లేకుండా పరీక్షకు ఒప్పుకోకపోతే ఆ నిరాకరణే కేసులో ఎదురుతిరుగుతుందని ఆయనకు తెలియదు. సలహాలిచ్చినవారిలో ఎవరికీ తెలియదనే చెప్పాలి.

ఠాణాలో నేను ఊహించుకున్నది వేరు, జరిగింది వేరు. వాణ్ణి లాకప్ వైపు తీసుకువెళ్లనేలేదు. పిల్లల కేసులు చూడటానికి ప్రతి ఠాణాలోనూ ఒక బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలని చట్టంలో ఉంది. మాకు ఎదురైన ఆ అధికారిణి యూనిఫాం వేసుకోలేదు, మామూలు చీరలో ఉన్నారు. వాణ్ణి తన గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, ముందు మంచినీళ్లు ఇప్పించి, ఆ తరవాతే కాగితం తీశారు. నేరం తీవ్రమైనదైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేసినదైతేనో తప్ప పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ కట్టరు. డైరీలో నమోదు చేసి, కుటుంబ నేపథ్యం గురించి ఒక నివేదిక రాసి బోర్డుకు పంపుతారు. ఆ నివేదిక కోసం అడిగిన ప్రశ్నలు చూసి మా బావ తెల్లబోయాడు: ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఎవరైనా తాగుతారా, కుర్రాడు బడి మానేసిన రోజులున్నాయా, ఎవరైనా కొడతారా. "బండి సంగతి అడగరేమిట్రా" అని నా చెవిలో గొణిగాడు. బండి సంగతి తరవాత, వేరే కాగితం మీద, ఆయన్నే అడిగారు.

ఆ రాత్రి తండ్రి పూచీ మీద కుర్రాణ్ణి మాకు అప్పగించి, బోర్డు ముందుకు రావలసిన తేదీ చెప్పారు. ఒకవేళ పట్టి ఉంచినా ప్రయాణ సమయం పోను ఇరవై నాలుగు గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాల్సిందే. బండిని మాత్రం ఠాణా ఆవరణలోనే ఉంచేసుకున్నారు. బండిని పట్టుకున్నట్టు రాసిన సీజర్ లిస్టు ఒడియాలో ఉంది. మా బావకు ఒడియా మాట్లాడటం బాగా వచ్చు గాని చదవడం రాదు. 1936లో ఒడిశా విడిపోయినప్పుడు గీసిన సరిహద్దు గీతకు ఈవల ఉండిపోయిన తెలుగు కుటుంబాల్లో ఇలాంటివారు కోకొల్లలు. ప్రతి వరుసా చదివి తెలుగులో చెప్పిన తరవాతే సంతకం పెట్టనిచ్చాను. అందులో యజమాని పేరు ఉండవలసినచోట మా బావ పేరు కాక టెక్కలి మనిషి పేరు ఉండటం అప్పుడే కనబడింది. ఆ కథ ముందుకు వస్తుంది.

మర్నాడు పొద్దున్న మా చెల్లెలి ఇంటి అరుగు మీద జరిగిన సభ గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కేసుల్లో సగం కుటుంబాలు చెడిపోయేది అక్కడే. మొదటి సలహా, బండి నడిపింది వెనక కూర్చున్న పెద్దవాడే అని చెప్పించమని. చీటీ మీద, డైరీలో, ఆసుపత్రి రిజిస్టరులో మావాడి పేరే ఉండగా అలా చెప్పించడమంటే తప్పుడు సాక్ష్యమనే ఇంకో నేరాన్ని ఇంట్లోకి పిలవడమే. రెండో సలహా కొంచెం తెలివైనది. కుర్రాడికి పద్దెనిమిది నిండాయని చూపిస్తే తండ్రి బయటపడతాడు కదా అని ఒక పెద్దాయన అన్నాడు. లెక్కప్రకారం అది నిజమే. తండ్రి మీద కేసు పెట్టే సెక్షన్ మైనర్ల విషయంలోనే వర్తిస్తుంది. కాని అలా చేస్తే కుర్రాడు మామూలు కోర్టులో పెద్దవాళ్లతో సమానంగా ముద్దాయిగా నిలబడాలి, శిక్ష పడితే అది జీవితాంతం వెంట ఉంటుంది. తండ్రి తప్పించుకోవడానికి కొడుకును ముందుకు తోసినట్టు అవుతుందని మా చెల్లెలు లోపల్నుంచే గట్టిగా అనేసరికి ఆ మాట ఆగిపోయింది. ఎలాగూ అది సాగే పని కాదు. వయసు తేల్చడానికి బోర్డు ముందు చూసేది పదో తరగతి సర్టిఫికెట్టు లేదా బడి ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం. అవి లేకపోతే మునిసిపాలిటీ జనన ధ్రువపత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ కార్డు ఆ వరుసలోనే లేదు.

మూడో సలహా టీవీలోంచి వచ్చింది. "పుణెలో వ్యాసం రాయించి వదిలేశారు కదా, వీడికీ అంతే" అన్నారు. 2024 మే 19న పుణెలో పదిహేడేళ్ల కుర్రాడు నడుపుతున్న ఖరీదైన కారు గుద్ది ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయిన కేసది. రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయాలన్న షరతుతో బెయిలు ఇవ్వడం అందరికీ గుర్తుంది. ఆ తరవాత జరిగింది మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఆ కుర్రాణ్ణి పరిశీలన గృహానికి పంపారు. జూన్‌లో బొంబాయి హైకోర్టు విడుదల చేసేదాకా అక్కడే ఉన్నాడు. రక్తం నమూనాలు మార్చారన్న ఆరోపణ మీద తల్లిదండ్రులు, వైద్యులు అరెస్టయ్యారు. వ్యాసం అనేది శిక్ష కాదు, బెయిలు షరతుల్లో ఒకటి మాత్రమే. ఇంత చెప్పినా మా పెద్దాయన మొహంలో నమ్మకం కనబడలేదు. ఆయన దృష్టిలో టీవీలో రెండోరోజు వచ్చే వార్త వార్తే కాదు.

బోర్డులో ఒక జడ్జి, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ కావాలి. బోనులు లేవు, ఎత్తైన వేదిక లేదు, నల్లకోటు హడావుడి లేదు. ఒక మామూలు బల్లకు అటువైపు వాళ్లు, ఇటువైపు మేము కూర్చున్నాం. కుర్రాడి తరఫున జిల్లా న్యాయ సేవల సంస్థ ఉచితంగా లాయరును ఇచ్చింది. పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ హక్కు ఉంది. ప్రొబేషన్ అధికారి అంతకుముందే ఇంటికి వచ్చి వెళ్లారు. ఆయన రాకను మా చెల్లెలు పెళ్లిచూపుల్లా భావించి ఇల్లంతా సర్దింది గాని, ఆయన చూసినవి వేరు: కుర్రాడు పడుకునే చోటు, పుస్తకాలు, వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడే బండి తాళం. "ఈ తాళం ఎప్పుడూ ఇక్కడే ఉంటుందా" అని ఒక్కటే అడిగి రాసుకున్నారు.

గరిష్ఠ శిక్ష మూడేళ్లు దాటని నేరాలను ఈ చట్టం చిన్న నేరాలుగా లెక్కిస్తుంది. 185వ సెక్షన్ ఆ కోవలోకే వస్తుంది కనుక విచారణ సంక్షిప్తంగా జరిగింది. అసలు విచారణంతా నాలుగు నెలల్లో ముగించాలి, తప్పనిసరైతే మరో రెండు నెలలు పొడిగించవచ్చు. చిన్న నేరాల్లో ఆ గడువూ దాటిపోతే విచారణ అంతటితో ఆగిపోతుంది. వాడు దాచకుండా చెప్పాడు. జడ్జిగారు ఒడియాలోనే మొదలుపెట్టి, వాడు తడబడటం చూసి, తెలుగులో చెప్పుకోవచ్చని, అర్థం చెప్పడానికి మనిషి ఉన్నాడని అన్నారు. తాగడం ఇదే మొదలా అని అడిగితే కాదన్నాడు. అది విని మా చెల్లెలు కుర్చీలో ఒరిగిపోయింది. ఆ తరవాత మహిళా సభ్యురాలు అడిగిన ప్రశ్నకే వాడు నోరు విప్పలేదు: మందు ఎవరు ఇచ్చారు?

ఆ ప్రశ్న వెనక ఉన్నదేమిటో లాయరు మాకు బయట చెప్పాడు. పిల్లలకు మద్యం ఇచ్చినవారికి జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటుంది. ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికంటే పెద్ద శిక్ష ఉన్నది అక్కడ, తాగిన కుర్రాడికీ కాదు, బండి తండ్రికీ కాదు, సీసా అందించినవాడికి. ఒడిశాలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మడమే నిషేధం. వాడు తరవాతి వాయిదాలో పేరు చెప్పాడు. ఆ దర్యాప్తు ఇంకా నడుస్తోంది కనుక దాన్ని ఇక్కడ విప్పను. మాకు, ఆ ఇంటివాళ్లకు మాటల్లేవని మాత్రం చెప్పగలను.

బోర్డు ఇచ్చిన ఉత్తర్వు ఇది: మందలింపు, తండ్రి కూడా హాజరయ్యే కౌన్సెలింగు, ఆసుపత్రిలో సెలవు రోజుల్లో సమాజ సేవ, ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణ, 185వ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా తల్లిదండ్రులు కట్టడం. మందలింపు అనగానే మావాళ్లలో ఒకాయన "ఇంతేనా" అన్నాడు. ఆసుపత్రిలో ప్రమాదాల వార్డు దగ్గర స్ట్రెచరు తోస్తూ, చీటీలు అందిస్తూ గడిపిన ఆదివారాల గురించి వాడు ఇంట్లో ఏమీ చెప్పడు. హెల్మెట్ లేకుండా పడినవాళ్ల తలలు ఎలా ఉంటాయో ఒకసారి నాతో చెప్పి, మళ్లీ ఆ మాట ఎత్తవద్దన్నాడు.

ఇక తండ్రి కేసు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 199ఏ అనే సెక్షన్ చేర్చారు. మైనరు ఈ చట్టం కింద నేరం చేస్తే అతని సంరక్షకుడు గాని, బండి యజమాని గాని దోషి అయినట్టే లెక్క. మూడేళ్ల దాకా జైలు, దానితోపాటు 25,000 రూపాయల జరిమానా. మైనరు బండి వాడింది వీరి అనుమతితోనే అని కోర్టు ముందుగానే అనుకుంటుంది, కాదని నిరూపించుకోవలసిన భారం తండ్రిదే. తనకు తెలియకుండా జరిగిందనో, ఆపడానికి తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాననో రుజువు చేస్తేనే బయటపడతాడు. ఇది చలానాతో తెగే వ్యవహారం కాదు. అధికారి దగ్గర డబ్బు కట్టి రాజీ చేసుకోదగిన నేరాల జాబితాలో 185 లేదు, 199ఏ కూడా లేదు. రెండూ కోర్టుకే వెళ్లాలి. "చలానా కట్టించేస్తాను" అని ఠాణా గేటు దగ్గర మా బావ దగ్గర అడ్వాన్సు అడిగిన బ్రోకరు ఈ సంగతి తెలిసే అడిగాడో, తెలియక అడిగాడో నాకు ఇప్పటికీ అనుమానమే.

మా ప్లీడరు తెలుగాయన, పాత కాలం మనిషి. తెలియకుండా జరిగిందని వాదించవచ్చా అని అడిగితే, "తాళం మేకుకే ఉంటుంది, కుర్రాడు రోజూ పొద్దున్న ఆ బండి మీదే మీ హోటలుకు పాలు తెస్తాడు, ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. తెలియదని ఎవరి చేత చెప్పిస్తారు?" అన్నాడు. రోజూ మైనరు చేత బండి నడిపించుకునే ఇంట్లో ఆ ఒక్క రాత్రి గురించి మాత్రం తెలియదంటే చెల్లదు. మా వీధిలో టెన్త్ చదివే పిల్లలు స్కూటీ మీద ట్యూషన్‌కు వెళ్లని ఇల్లు ఎంత వెతికినా దొరకదు. వాళ్ల తండ్రులెవరికీ ఈ వాదన మిగలదు. ఆ రోజు నుంచి నేను ఇది అడిగినవారికీ అడగనివారికీ చెబుతున్నాను. కొందరు నన్ను చూసి వీధి మళ్లుతున్నారు.

ఇప్పుడు టెక్కలి ఆయన. మా బావ ఆ బండిని రెండేళ్ల కిందట ఆయన దగ్గర స్టాంపు కాగితం మీద కొన్నాడు, డబ్బంతా చెల్లించాడు, ఆర్‌సీ మాత్రం మార్పించుకోలేదు. ఏపీ 30 నంబరుతోనే ఒడిశాలో తిరుగుతోంది. ఇది మా సరిహద్దు ఊళ్లలో ఎంత మామూలో! శ్రీకాకుళం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్లీ పన్ను కట్టాలి, ఎవరు పడతారు ఆ బాధ అనుకుంటారు. చట్టం దృష్టిలో ఆర్‌సీలో ఎవరి పేరుంటే వారే యజమాని. ప్రమాద పరిహారం కేసులో 2018లో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే ఖాయం చేసింది. అందుచేత పోలీసుల నోటీసు మొదట ఆయన ఇంటికే వెళ్లింది, అదీ ఒడియాలో. ఎప్పుడో అమ్మేసిన బండి మీద, ఎప్పుడూ చూడని కుర్రాడి తాగుడుకు తాను దోషినట అని తెలిసి, ఆయన పాతపట్నం మీదుగా ఆటో కట్టించుకుని నేరుగా మా బావ హోటలుకు వచ్చి, టిఫిన్ చేస్తున్నవాళ్ల ముందే నిలదీశాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. మా బావ దర్యాప్తు అధికారి దగ్గర తానే కొన్నానని, బండి తన స్వాధీనంలోనే ఉందని వాంగ్మూలం ఇచ్చాక, స్టాంపు కాగితం చూపించాక, కేసు సంరక్షకుడి హోదాలో మా బావ మీదే నిలిచింది. అయినా ఆ పెద్దమనిషికి కోర్టు మెట్లు ఎక్కడం తప్పలేదు. పట్టుకున్న బండిని జిమాకు, అంటే పూచీ మీద తిరిగి, ఇవ్వమని అర్జీ పెట్టుకోవలసింది కూడా ఆర్‌సీలో పేరున్న ఆయనే.

చివరికి మా బావ నేరం ఒప్పుకున్నాడు. కోర్టు లేచేదాకా నిర్బంధం, 199ఏ కింద 25,000 రూపాయలు, లైసెన్సు లేనివాడి చేతికి బండి ఇచ్చినందుకు 180వ సెక్షన్ కింద 5,000 రూపాయలు విధించారు. ఎవరికీ గాయం కాలేదని, ఇదే మొదటి కేసని జడ్జిగారు ఉత్తర్వులో రాశారు. అలా రాయకపోతే జైలు శిక్ష మూడేళ్ల దాకా ఉండగలిగేదని ప్లీడరు అన్నాడు. ఆ రోజంతా మా బావ కోర్టు హాలులో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. పొద్దున్న ఆయన చేతి టీ తాగిన గుమాస్తాలే లోపలికీ బయటికీ తిరుగుతూ పలకరించడమా మానడమా అని తటపటాయించారు.

ఎవరికైనా దెబ్బ తగిలి ఉంటే ఏమయ్యేదో కూడా ప్లీడరే చెప్పాడు. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు ఉంటుంది. అప్పుడది చిన్న నేరమన్న లెక్క నుంచి తప్పుకుంటుంది. బీమా విషయంలో, లైసెన్సు లేనివాడు నడిపిన బండి వల్ల నష్టపోయినవారికి కంపెనీ ముందు చెల్లించి, ఆ సొమ్ము యజమాని దగ్గర వసూలు చేసుకోమని 2004 నాటి స్వరణ్ సింగ్ తీర్పు నుంచి కోర్టులు చెబుతూ వస్తున్నాయి. ఆ యజమాని మళ్లీ టెక్కలి ఆయనే. లక్షల్లో ఉండే ఆ మొత్తానికి ఆయన ఎలా నిలబడతాడు, మా బావ ఎలా నిలబడతాడు అన్నది ఊహించుకోవలసిందే.

అన్నీ అయిపోయాయనుకున్నాక ఆర్‌టీఓ ఆఫీసులో ఇంకో రెండు సంగతులు తెలిశాయి. మైనరు నేరానికి వాడిన బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దవుతుంది. హోటలు సరుకులకు మా బావ ఇప్పుడు ఆటో కిరాయి ఇచ్చుకుంటున్నాడు. రెండోది ఇంకా పెద్దది. కుర్రాడికి ఇరవై ఐదేళ్లు నిండేదాకా లెర్నర్ లైసెన్సుకు కూడా అర్హత లేదు. లైసెన్సుల రికార్డు దేశమంతటికీ ఒకటే కనుక పాతపట్నంలోనో శ్రీకాకుళంలోనో బంధువుల అడ్రసు మీద తీసుకుందామనే దారి కూడా మూసుకుపోయింది. బోర్డు విధించిన సేవ నాలుగు ఆదివారాల కష్టం అనుకుంటే, ఇది ఏడేళ్లకు పైబడిన శిక్ష. డెలివరీ ఉద్యోగం లేదు, డ్రైవరు ఉద్యోగం లేదు, కాలేజీకి సొంత బండి లేదు. మా ప్రాంతంలో చదువు ఆగిపోయిన కుర్రాళ్లకు మొదట దొరికే పని స్టీరింగు పనే. పిల్లవాణ్ణి దిద్దడమే ఉద్దేశమని చెప్పే చట్టం పక్కనే, ఒక్క రాత్రికి ఇరవై ఐదేళ్ల దాకా ఎలాంటి మినహాయింపూ లేని ఈ నిషేధం నాకు పొసగినట్టు అనిపించదు. మళ్లీ తాగి నడపలేదని తేలాక బోర్డు దాన్ని తగ్గించే వీలుండాలి. తండ్రి మీద భారం మోపడంలో మాత్రం నాకు ఏ అభ్యంతరమూ లేదు.

మా బావను ఎక్కువగా వేధించింది సైన్యం సంగతి. వాడు సైన్యంలో చేరాలని రోజూ తెల్లవారుజామున పరుగెత్తుతున్నాడు, కేసు పడితే ఆ దారి మూసుకుపోయిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం బోర్డు తీర్పు వల్ల పిల్లవాడికి ఎలాంటి అనర్హతా అంటుకోదు, నిర్ణీత గడువు తరవాత ఆ రికార్డులు నాశనం చేయాలి. ముగిసిన కేసును పోలీసులు నడవడిక ధ్రువపత్రంలో రాయకూడదని 74వ సెక్షన్ విడిగా చెబుతుంది. ఇవన్నీ లాయరు చేత తెలుగులో కాగితం మీద రాయించి ఇచ్చాకే మా చెల్లెలు కుర్రాణ్ణి మళ్లీ పొద్దున్నే లేపడం మొదలుపెట్టింది. తనిఖీ రాత్రి ఎవరో తీసిన వీడియో ఊళ్లో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే, ఆ బాలల అధికారిణే ఫోన్లు చేసి తీయించారు. దాన్ని తీయించాలని అడగవచ్చన్న సంగతి కూడా మాకు ఆవిడ చెబితేనే తెలిసింది.

టెక్కలి ఆయన ఇప్పుడు శాంతించాడు. రద్దు గడువు ముగిసిన వెంటనే బండిని మా బావ పేరుకు, ఒడిశా వైపు ఓడీ 20 నంబరుకు మార్చాలన్న షరతు మీద ఫారం 28, 29, 30ల మీద సంతకాలు పెట్టి, ఒక్కొక్కదానికీ నకలు తన దగ్గర ఉంచుకున్నాడు. ఆలస్యం చేస్తే వకీలు నోటీసు ఇస్తానని కూడా చెప్పి వెళ్లాడు. బండి తాళం ఆయన దగ్గరే ఉంది.